జిల్లా పేజీలో కంత

జైలు లైబ్రరీ చూసుకునే ముసలి ఖైదీ పేపర్లు సర్దుతుంటే, హత్య కేసులో రిమాండులో ఉన్న ఆటోనగర్ మెకానిక్ వచ్చి నిలబడ్డాడు. తల కొత్తగా గుండు. కారణం పెద్దాయనకి తెలుసు.

“మాస్టారూ, ఇవాళ్టి జిల్లా పేజీ ఇస్తారా? మా అమ్మ పెదకర్మండి. నేను వెళ్లలేకపోయినా చూసుకుంటానని, అన్నయ్య పేపర్లో ఫొటో వేయించాడు.”

“పంపమని కోర్టుకి పెట్టుకున్నావుగా?”

“నిన్న కొట్టేశారండి.”

పెద్దాయన పేజీ విప్పాడు. కింది మూల అరచేయంత కంత.

“ఇదేంటండీ?”

“ఇక్కడి ఖైదీల మీద వార్త ఏదొచ్చినా, ఆఫీసులో కత్తిరించాకే పేపరు లోపలికొస్తుంది అబ్బాయ్.”

“అమ్మ ఫొటో వార్త కాదు కదండీ!”

“వార్త దీని వెనక పక్కన పడుంటుంది.”

కాగితం తిరగేశాడు. కంత పైన హెడ్డింగు ముక్కొకటి మిగిలింది. పెద్దాయన దాని మీద వేలు అడ్డం పెట్టాడు.

“తియ్యండి మాస్టారూ. ‘తల్లి కర్మకు వెళ్తానన్న నిందితుడికి...’ నాదేనా?”

“నీదే.”

“పోనీ, ఆ ముక్క అడిగితే ఇస్తారా? వార్త నాకొద్దు. అమ్మ చాలు.”

“ఈపాటికి నీ ఫైల్లో అంటించేసుంటారు.”

“అంటిస్తే ఏముందండీ, ఒక్కసారి చూపించమంటా.”

పెద్దాయన పేజీని మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు.

“పైకి కనపడేది నీ వార్తే అబ్బాయ్. గమ్ము రాసేది అమ్మ మొహానికి.”