మబ్బుల మామయ్య కొలిచిన వాన

"గొప్ప చెప్పుకోకూడదు గానీ తల్లీ, ఆ రోజు నేను గొడుగు కూడా సరిగ్గా పట్టుకోలేదు," అని మొదలుపెట్టాడు మబ్బుల మామయ్య.

టీ కలుపుతున్న టీ కొట్టామె గరిట ఆపేసింది. మామయ్య నోట "గొప్ప చెప్పుకోకూడదు గానీ" వచ్చిందంటే ఇక ఆ కథకి పగ్గాలుండవు. మామూలు రోజైతే స్టవ్ మంట తగ్గించి మరీ వినేది. ఈ రోజు ఎదురు బల్ల మీద వానల ఆఫీసు అమ్మాయి రిజిస్టర్ విప్పుకుని కూర్చుంది. వరద తీసి మూడు వారాలైంది. ఏ ఊరి వాన లెక్క నమ్మాలో, ఏది కొట్టేయాలో తేల్చడానికి వచ్చిందామె. ఎగువ రెండు ఊళ్లూ ఆ రోజుకి నూటపది మిల్లీమీటర్లని రాశాయి. బడి వెనక వాన కొలిచే డబ్బా చూసుకునే మామయ్యేమో రెండొందల ఎనభై ఏడని రాశాడు. ఆ అంకె నిలిస్తే వాగు పక్కనున్న కింద వీధికి గట్టు పోస్తారు. కొట్టేస్తే, ఇక్కడ అంత వాన పడనే లేదని కాగితాల్లో ఉండిపోతుంది, గట్టు మాట ఎవరూ ఎత్తరు. టీ కొట్టామె ఇల్లు కింద వీధిలోనే. గోడ మీద నడుమెత్తున బురద చార ఇంకా పచ్చిగానే ఉంది.

"గొడుగు పట్టుకుంటే డబ్బాలో వాన పడదు కదండీ?" అంది ఆఫీసు అమ్మాయి.

"అందుకే కదా పక్కకి వంచింది! వంచానో లేదో, గాలి లాక్కుంది. నేను వదుల్తానా? సర్కారు గొడుగు! అది పైకి, దాంతో పాటు నేనూ పైకి. బడి కప్పు దాటా, సెల్ టవరు దాటా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మాకెలా తెలుస్తుంది, మేం కిందున్నాంగా," అన్నాడు పక్క కొట్టు దర్జీ, మిషన్ మీంచి తలెత్తకుండా.

"గొడుగు చిరిగింది! పడిపోవాలి కదా? పడలేదు. చినుక్కీ చినుక్కీ మధ్య సందుంటేగా పడడానికి! ధారలు తాళ్లలా వేలాడుతుంటే రెండేసి కలిపి పట్టుకుని, ఎక్కి ఎక్కి మబ్బు పొట్ట దగ్గర తేలా. చూద్దును కదా, దానికి చిల్లు! నూతి గిలకంత చిల్లు!"

"పోయిన వారం బండి చక్రమంత అన్నావు మామయ్యా," అన్నాడు సైకిల్ షాపతను.

"చక్రమంతేరా. నా తువ్వాలు కుక్కాక గిలకంత అయింది. నడుమ నడుమ అడ్డం రాకు."

బల్ల చుట్టూ గొల్లుమన్నారు. ఆఫీసు అమ్మాయీ నవ్వింది. నవ్వుతూనే సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. టీ కొట్టామె మామయ్యకేసి కళ్లెర్రజేసింది, గిన్నె మీద మూత టంగుమని పడేసింది. మామయ్య దాన్ని మెచ్చుకోలనుకున్నాడు.

"ఆ చిల్లులోంచి చెయ్యి పెట్టి కొలిస్తే, లోపల ఇంకా తొమ్మిదొందల మిల్లీమీటర్లుంది! మబ్బు నా గడ్డం పట్టుకుని బతిమాలింది, 'మామయ్యా, మొయ్యలేకపోతున్నా, దించేసుకోనీ' అని. 'మా ఊరి మీద ఇంకొక్క చుక్క రాలిందా, పిండి ఆరేస్తా' అన్నా. తోక ముడిచి పోయింది. ఇక రిజిస్టర్లో ఏం రాయను చెప్పు? ఉన్నదున్నట్టు రాస్తే మీ ఆఫీసులో అందరికీ జ్వరాలొస్తాయి. పోనీలే పాపం అని రెండొందల ఎనభై ఏడుతో సరిపెట్టా!"

"అంటే ఇది మీరు జాలిపడి వేసిన అంకన్నమాట," అంది ఆఫీసు అమ్మాయి నెమ్మదిగా. ఎర్ర పెన్ను మూత ఊడింది.

"ఆగమ్మా!" టీ కొట్టామె చేతిలో గరిటతోనే వచ్చి బల్ల దగ్గర నిలబడింది. "మామయ్యా, ఆ పొద్దున నువ్వు మబ్బు ఎక్కడం కాదు, ఈ కొట్టు మెట్లు మూడు ఎక్కలేకపోయావు. నేనే రెక్క పట్టి లాగా."

"అదేంటే కోడలా..."

"అదే మరి. బయట కొలిస్తే గ్లాసులో వాన పడుతుందని, డబ్బాలోని సీసా చొక్కా లోపల దాచుకుని పరిగెత్తుకొచ్చావు. నీ చేతులు వణుకుతుంటే కొలగ్లాసు నేను పట్టుకున్నా. 'పైనుంచి చూడకే, ఎక్కువ కనిపిస్తుంది, వంగి గీతకి తిన్నగా చూడు' అని కసిరావు. ప్రతి గ్లాసూ రెండేసిసార్లు చదివించావు. ఏడుస్తూనే చదివించావు. సీసా ఖాళీ అవుతుంటేనా! ఆ అంకె వినే నేను కిందికి పరిగెత్తి పిల్లల్ని పైకి తెచ్చుకున్నా. వీధిలో అందర్నీ లేపా. గంటకి వాగొచ్చింది."

దర్జీ మిషన్ ఆగిపోయింది. మామయ్య తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"ఎన్ని గ్లాసులు పెద్దాయనా?" అనడిగింది ఆఫీసు అమ్మాయి.

"పద్నాలుగు, నిండుగా. పదిహేనోది ఏడో గీత దగ్గర ఆగింది." గొంతు ఎంత చిన్నదైపోయిందంటే, ఆ మాటన్నది మామయ్యేనా అని సైకిల్ షాపతను తిరిగి చూశాడు.

గ్లాసుకి ఇరవై మిల్లీమీటర్లు, గీతకి ఒకటి. ఆఫీసు అమ్మాయి మనసులోనే గుణించుకుంది. లెక్క సరిపోయింది. అయినా ఎర్ర పెన్ను ఇంకా వేళ్ల మధ్యే ఉంది.

"ఒక తప్పు జరిగిందమ్మా," అన్నాడు మామయ్య, ఎవరూ అడక్కుండానే. "తొమ్మిదో గ్లాసు పోసేటప్పుడు కాస్త వొలికింది. నా చెయ్యే తగిలింది."

"ఎంత వొలికింది?"

టీ కొట్టామె మామయ్య నోటికేసి చూసింది. చెరువంత అంటాడేమో, సముద్రమంత అంటాడేమో.

"తెలీదమ్మా. తెలీదు కాబట్టే రాయలేదు."

ఆఫీసు అమ్మాయి రిజిస్టర్ దగ్గరికి లాక్కుంది. ఎర్ర పెన్ను సంచిలో పడేసి, నీలం పెన్ను తీసి, ఆ అంకె పక్కన రాస్తూ పైకే చదివింది: "నమ్మదగినది. ఇంతకు తక్కువ కాదు."

"తక్కువ కాదంటే..." అంటూ మామయ్య కళ్లు మళ్లీ మెరవడం మొదలయ్యేసరికి, టీ కొట్టామె పొగలు కక్కే గ్లాసు తెచ్చి అతని చేతిలో కుక్కింది.

"ముందు తాగు మామయ్యా. ఆవిడ బస్సెక్కాక చెబుదువు గానీ."