నెరిసిన మీసం

"ఇంక నేను యుద్ధానికి వెళ్లక్కర్లేదు. పనికిరానని డాక్టరు రాసిచ్చేశాడు," అన్నాడు యుద్ధం నుంచి తిరిగొచ్చిన భర్త, గుమ్మంలోంచే. పెళ్లయి నెల తిరగని ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు.

"మరి ఆ మొహమేంటి?"

"పద్నాలుగేళ్లప్పుడూ పనికిరానన్నారు. అప్పటిది వేరే యుద్ధం. మా సెలూన్లో నేల మీద వెంట్రుకలు ఏరి, మీసం అంటించుకుని వెళ్లాను."

"దొరికిపోయారా?"

"చీకట్లో ఏరాను. తీరా చూస్తే అన్నీ నెరిసినవే. ఆఫీసరు 'తాతగారూ, ఇంటికెళ్లండి' అన్నాడు."

ఆమె పడీ పడీ నవ్వింది.

"ఆ రోజు ఏడ్చాను. ఈ యుద్ధానికి మాత్రం వాళ్లే పిలిచి తీసుకున్నారు."

"పోనీలెండి, మన సెలూను మనకుంది. ముందు ఆ గడ్డం గీసుకోండి, గుచ్చుకుంటోంది."

అతను కుడిచెయ్యి చాపాడు. వేళ్లు ఆగకుండా వణుకుతున్నాయి.

"అందుకే రాసిచ్చాడు."

"కొన్నాళ్లు పోతే తగ్గుతుందేమో..."

"అడిగాను. తగ్గదన్నాడు. ఈ చేత్తో కత్తి పట్టి ఎవరి మెడ మీద పెట్టను?"

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అవీ దానితోపాటు వణికాయి.

"ఎదురు సెలూనతన్ని రమ్మన్నాను," అన్నాడతను. "రేపు పొద్దున్నే వచ్చి కుర్చీలు, అద్దాలు పట్టుకుపోతాడు."