కంప్యూటర్ వెనక దుమ్ము

మనవరాలు ఇంట్లోనే తన గదిలో కూర్చుని కంప్యూటర్ మీద బొమ్మల సినిమాలు చేస్తుంది. ఎంత పొమ్మన్నా అమ్మమ్మ ఆ గది వదలదు.

"...వినపడట్లేదు అమ్మమ్మా, గట్టిగా చెప్పు! ఈ ఫ్యాన్ మోతకి చెవులు దిబ్బళ్ళు పడుతున్నాయి."

"మోతేముంది, హాయిగా ఉంటేనూ! ఇంకా పెద్ద పనేదన్నా పెట్టరాదూ దానికి?"

"ఇంకా పెద్ద పనా? ఈ బొమ్మలన్నీ కలిపి సినిమాగా మార్చడానికే లోపల ప్రాసెసర్ తొంభై రెండు డిగ్రీల మీదుంది. ఇంకాస్త వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది. అయిదింటికల్లా సినిమా పంపకపోతే ఈ పని ఇంకొకరికిచ్చేస్తారు."

"అయ్యో తల్లీ! అయిదింటికి ఇంకా గంటుందిగా."

"అందుకే వేగం కాస్త తగ్గిస్తున్నా. వేడీ తగ్గుతుంది, మోతా తగ్గుతుంది."

"వద్దే! తగ్గించకు!"

"ఏం?"

"ఏం లేదు... నాకు చలి."

"బయట ఎండ మండిపోతుంటే చలేంటి?"

"ముసలి ఒళ్ళు. నీకేం తెలుసు?"

"మూడు వారాలుగా ఇదే వరస నీది. నేను కిటికీ తీస్తే నువ్వు మూసేస్తావు. కంప్యూటర్ ఆపబోతే 'పాపం, దాని పని చేసుకోనీ' అంటావు. రోజుకి మూడుసార్లు దాని వెనక దూరి ఏం తుడుస్తావసలు?"

"దుమ్ము."

"మూడుసార్లా?"

"మొండి దుమ్ము."

"అమ్మమ్మా, వేడిగాలి బయటికి పోయేది అటే. అడ్డంగా ఏమైనా పెట్టావా? నిజం చెప్పు."

"అడ్డమా? నీ మీదొట్టు, లేదే. పాత శాలువా ఒకటి మడిచి... దూరంగానే పెట్టా. గాలి ధారాళంగా వస్తోంది, గోరువెచ్చగా."

"నీకెలా తెలుసు?"

"దుమ్ము తుడుస్తుంటే చేతికి తగిలిందిలే. ముందు నీ పని చూసుకో."

"శాలువా సంగతి తర్వాత తేలుస్తా... తొంభై ఏడు శాతం... తొంభై తొమ్మిది... అయిపోయింది! ఉండు, పంపేస్తున్నా... వెళ్ళిపోయింది అమ్మమ్మా, సినిమా వెళ్ళిపోయింది!"

"నా బంగారమే!"

"అమ్మయ్య, ఇక దీన్ని ఆపేస్తున్నా. ఆహా, ఎంత ప్రశాంతంగా... అదేంటి? ఫ్యాన్ ఆగిందిగా, ఇంకా టిక్కుటిక్కుమంటుందేంటి? రెక్క విరిగిందా ఏంటి ఖర్మ?"

"టిక్కుమందా? నిజంగానా? ఏదీ, జరుగు జరుగు!"

"ఎక్కడికి దూరుతున్నావు? నడుం పట్టేస్తుంది!"

"ఎదురింటి కోడిని పొదగను కూర్చున్న రోజే కుక్క ఎత్తుకుపోలా? గుడ్లు పారేస్తామన్నారు. నాకు మనసొప్పలేదే, తెచ్చి ఆ శాలువాలో పెట్టా. ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు."

"అమ్మమ్మా! నా కంప్యూటర్ వెనకా?"

"అరవకు. చూడు... ఒక పిల్ల అప్పుడే బయటికొచ్చేసింది."

"అయ్యో, ఎంతుందో! తడిసిపోయి వణుకుతోంది."

"వణకదూ మరి? ఇంకా అయిదు లోపలే ఉన్నాయి. సరిగ్గా ఇప్పుడే పొయ్యి ఆర్పేశావు."

"నువ్వు ఆ కిటికీ మూసెయ్యి. సినిమా మళ్ళీ మొదటినుంచీ పెడుతున్నా."