పళ్ళాల్రావు కంప్యూటరుకి మాటలొచ్చిన కథ

మైకుసెట్టు పళ్ళాల్రావున్నాడే, ఆడి చేతులు ఊరుకోవు. బాగా నడిచేదాన్ని చూస్తే ఇంకా బాగా నడిపిద్దామనుకుంటాడు, అంతే, అది ఆగిపోద్ది. ఆడి షాపులో ఓ పాత కంప్యూటరుంది. దాన్ని నడపడానికి అందరూ వాడేది కాకుండా లినక్సని ఇంకోటి వేసుకున్నాడంట. "దీనికి యజమానంటూ ఎవడూ లేడు బాబాయ్, లోపల ఏది కావాలంటే అది మనమే మార్చుకోవచ్చు" అని ఊరందరికీ చెప్తాడు. మార్చుకోవచ్చు సరే, రోజూ మార్చమని ఎవడు చెప్పాడు? ఓ రోజు అక్షరాలు చీమలంత అయిపోతాయి. ఇంకో రోజు బొమ్మ పక్కకి పడుకుంటది, ఈడూ మెడ పక్కకి వాల్చి పని చేసుకుంటాడు. నవ్వకండ్రా, నేను కళ్ళారా చూశాను. ఇంతలో ఏమైందంటే, ఆడి అత్తగారు అచ్చియ్యమ్మ కూతురింటికొచ్చింది. కళ్ళకి పొరలు కమ్మి చూపానదు గానీ, నోరు మాత్రం గట్టిది. "ఆ పెట్టె ముందు కూకుని ఏటి చేస్తన్నారల్లుడుగారూ?" అంటది. "బాగుచేస్తన్నానండి" అంటాడు. "నిన్నా బాగే చేశారు కదా!" అంటది. ఈడు మళ్ళీ ఆ పెట్టెలోకే తల దూర్చేస్తాడు.

సరే, మనూళ్ళో వాలీబాల్ పోటీలు పెట్టారు. కొబ్బరిచెట్లకి హారన్లు కట్టారు, చుట్టుపక్కల జనం దిగిపోయారు. పాటలన్నీ పళ్ళాల్రావు కంప్యూటర్లోంచే. షాపు గ్రౌండు పక్కనే అనుకోండి. పాటలేసుకుని ఊరుకోవచ్చు కదా? కొత్త మార్పులొచ్చాయి, ఎక్కించమంటావా అని కంప్యూటరు అడిగిందంట. ఈడు ఎక్కించేశాడు. సౌండు పోయింది! కమిటీవోళ్ళు "పాటలేవిరా?" అని కేకలు. ఇలాంటప్పుడు ఈడేం చేస్తాడంటే, నెట్లో ఈడిలాంటోళ్ళదే ఓ గుంపుందంట, అందులో తెలుగులో రాసి అడుగుతాడు. ఆళ్ళు తలో మందు చెప్పారు. ఈడు కంగార్లో ఏదీ వదల్లేదు, అన్నీ టైపు కొట్టేశాడు. అందులో ఒకటి, చూపు లేనోళ్ళకి తెర మీదున్నది పైకి చదివిపెట్టేదంట. అదీ లేచింది, సౌండూ వచ్చింది, రెండూ ఒక్కసారే.

ఆ గొంతు ఎలాగుందనుకున్నారు? రేకుడబ్బాలో తలపెట్టి మాట్టాడినట్టుంది. కొబ్బరిచెట్ల మీంచి మొదలెట్టింది: "మా షాపులో సౌండు పోయింది. ఇంట్లో అత్తగారి సౌండు మాత్రం పోవట్లేదు. రెంటికీ ఉపాయం చెప్పండి." బంతి కొట్టబోయే కుర్రోడు బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అది ఆగిందా? "ఆవిడకీ ప్లగ్గు పీకి చూడన్నా" అని ఎవడో రాసింది కూడా చదివేసింది. పళ్ళాల్రావు ఏ మీట నొక్కితే ఆ మీట పేరూ చదువుతంది. వైరు పీకేద్దామన్న ఆలోచన రావద్దూ? రాలేదు! ఈలోగా కూతురు నూకరత్నం భుజం పట్టుకుని అచ్చియ్యమ్మ షాపులోకొచ్చేసింది. ఈడు బల్ల కిందకి దూరాడు. "బయటికి రండి అల్లుడుగారూ. ఆ మాటలు ఎవరన్నారు?" "కంప్యూటరండి." "రాసిందెవరు?" "...నేనేనండి." తల్లి ఏమంటదోనని నూకరత్నం ఆవిడ మొహమే చూస్తంది. అచ్చియ్యమ్మ కుర్చీ తడుముకుని కూకుంది. "అయితే, రాసుంటే ఏదైనా చదువుద్దా ఇది? పేపరు కూడా?" "నెట్లో వచ్చే పేపరైతే చదువుద్దండి." "మీ మావగార్ని చదవమంటే పైన పెద్దక్షరాలు చదివి లేచెళ్ళిపోతారయ్యా. ఎన్నాళ్ళయిందో లోపలి కబురు విని. ఇది లేచెళ్ళిపోదు కదా?" అందంట. ఆ మాటకి ఈడికి సిగ్గేసి, "లేదండి, ఇదెక్కడికీ ఎళ్ళదు" అన్నాడంట.

అక్కడ దొరికిపోయాడు. "నెమ్మదిగా చదివించండి. ఆ మగగొంతు వద్దు, ఆడగొంతు పెట్టండి. ఆ యాసేటి, మనోళ్ళలాగా పలికించండి." "కుదరదేమోనండి." "ఏది కావాలంటే అది మార్చుకోవచ్చని ఊరంతా చెప్పారు కదా?" ఇంకేం, పోటీలు అయ్యేదాకా అవన్నీ మారుస్తా కూకున్నాడు. పాటలు మాత్రం ఎవరో ఫోన్లోంచి వేశారు.

పోటీలయ్యాక ఊరెళ్ళాల్సిన అచ్చియ్యమ్మ ఎళ్ళలేదు. ఇప్పటికీ పొద్దున్నే షాపులో కూకుని పేపరు ఆఖరి పేజీదాకా వింటది. అల్లుణ్ణి దాని మీద చెయ్యెయ్యనివ్వదు. అందుకే కాబోలు, ఆ కంప్యూటరు మళ్ళీ ఒక్కనాడూ చెడిపోలేదు. ఇక పళ్ళాల్రావంటారా, చేతులు ఊరుకోవు కదా, నిన్న మా ఇంటికొచ్చి "బాబాయ్, మీ ఫ్యాను ఇంకా బాగా తిరుగుద్దేమో చూడనా" అన్నాడు. తలుపేసుకున్నాను.