బల్ల కింద కొస

ఆసుపత్రి పరిపాలనాధికారి గది. నెట్‌వర్క్ చూసే కాంట్రాక్టు ఉద్యోగిని ఆయన బల్ల ముందు నిలబడి ఉంది.

“పెట్టను.”

“ముందు ఆ తలుపేసి కూర్చో. చదివి మాట్లాడు.”

“తలుపు ఉండనీండి. చదివాను. ‘నా పొరపాటు వల్ల నిన్న నలభై నిమిషాలు నెట్‌వర్క్ పడిపోయింది.’ సంతకం పెట్టను సార్.”

“నెట్‌వర్క్ స్విచ్‌లో సెట్టింగులు మార్చింది నువ్వు కాదూ?”

“నేనే. మార్చమన్నది మీరు. ‘కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అర నిమిషం కాచుకోవాలా? ఆ స్పానింగ్ ట్రీ ఏదో నా గదికి తీసిపారెయ్’ అన్నారు. ఫోన్లో.”

“అన్నానో, లేదో…”

“అన్నారు. వద్దని రెండుసార్లు మొత్తుకున్నా. తీగలు ఎక్కడైనా చుట్టు పడితే, పంపిన కబురే మళ్ళీ మళ్ళీ గానుగెద్దులా తిరిగి దారంతా తినేస్తుంది, ఆ చుట్టుని పసిగట్టి మూసేసే కాపలా అది అన్నాను. ‘చెప్పింది చెయ్’ అన్నారు.”

“పాఠాలొద్దు. రక్తం రిపోర్టు రాలేదని ఆ ఆపరేషన్ థియేటర్ డాక్టరమ్మ అరిచిన అరుపులకి పైవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు.”

“అరవదా? బల్ల మీద మనిషిని పెట్టుకుని నిలబడింది. రిపోర్టు కాగితం పట్టుకుని మూడంతస్తులు పరిగెత్తింది నేను. మీరు కాదు.”

“నోరు ఎక్కువైంది. నెలాఖరుకి నీ కాంట్రాక్టు…”

“పాత బెదిరింపే. కొత్తదేమైనా ఉంటే చెప్పండి.”

“సరే. సంతకం పెట్టనందని నేనే పైకి మెయిల్ రాసి పంపిస్తా. అసలు నా గదిలో చుట్టేమిటి? నేనేం ముట్టుకున్నా? మీవాళ్ళు వదిలేసిన చెత్త కూడా నేనే సర్దుకున్నాను!”

“ఏం సర్దారు?”

“ఏదోలే.”

“ఏం సర్దారు సార్?”

“బల్ల కింద నెట్‌వర్క్ డబ్బాలోంచి ఓ తీగ వేలాడి కాళ్ళకి తగులుతుంటే… నీకనవసరం. ఇదిగో, పంపుతున్నా. చూస్తూ ఉండు.”

“పంపండి. నిన్న స్విచ్ దగ్గర మీ గది తీగలు పీకాకే అందరికీ ఊపిరాడింది. ఇందాకే మళ్ళీ తగిలించి, కాపలా కూడా పెట్టొచ్చాను. ఇక్కడ చుట్టు లేకపోతే మీ ఉత్తరం హాయిగా వెళ్తుంది. ఉంటే మీ గది ఒక్కటే మూసుకుంటుంది.”

“నొక్కా. చక్రం తిరుగుతూనే ఉందేంటి?”

“ఏమైంది సార్?”

“వెళ్ళట్లేదు.”

“ఆ వేలాడే కొస ఎక్కడ పెట్టారు?”

“గోడకి ఇంకో సాకెట్ ఖాళీగా ఉంటే… శుభ్రంగా ఉంటుందని దాంట్లో గుచ్చా.”

“డబ్బా నుంచి గోడకి ఒక తీగ ఉండగానే రెండోదా! చుట్టంటే అదే సార్. మీ చేత్తో మీరే వేశారు.”

“మెల్లిగా! మెల్లిగా మాట్లాడమ్మా. పీకేస్తాలే. ఆ కాగితం చించేద్దాం, ఇద్దరం మర్చిపోదాం. ముందు ఆ తలుపు వెయ్.”

“వేయలేను సార్. థియేటర్ డాక్టరమ్మ ఇందాకట్నుంచీ గుమ్మం పక్కనే నిలబడి వింటున్నారు.”