అక్క నాటిన కంప

ఆ నవ్వు ఆపు అక్కా! అద్దం తుడిచినప్పుడల్లా ఇంకాస్త మెరుస్తావు. నీకేం, హాయిగా పోయి ఫొటోలో కూర్చున్నావు. నడుం విరిగేది నాకు.

అసలు ఆ రంగుపూల కంపని కంచెకని ఎవరు నాటమన్నారు నిన్ను? పూలు బాగున్నాయట! బాగుంటే సరా? కంచె దాటింది, చేను సగం మింగింది, గుట్ట మీద గడ్డి కూడా మొలవనివ్వట్లేదు. దాని ఆకు మేసి పక్కింటివాళ్ళ దూడ పోయింది. వాళ్ళు నిన్నంటారా? నాటింది నువ్వు, తిట్లు నాకు.

నేనీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పీకేద్దామంటూనే ఉన్నా. "ఉండనిద్దూ, దాని జోలి నీకెందుకు?" అనేవాడు మీ ఆయన. ఆఁ, మీ ఆయనే! నాకెప్పుడయ్యాడు గనక?

దూడ పోయాక ఊరంతా మీద పడితే ఒప్పుకున్నాడు. కంపలు కొట్టే మేస్త్రీ వచ్చి, మట్టి కింద వేరు నరికి, ఒక్కో దుబ్బునీ తలకిందులుగా పెట్టించాడు. వేరు ఆకాశం చూస్తేనే చస్తుందట. నేల తగిలిందా, మళ్ళీ బతుకుతుందట.

మర్నాడు చూద్దును కదా, గట్టు మూల ఒక దుబ్బు నిటారుగా నిలబడి ఉంది! మొదలు చుట్టూ మట్టి, మట్టి మీద తడి. దానంతటదే లేచి నిలబడిందంటావా? నా దగ్గరా!

తిరగేశాను. మర్నాటికి మళ్ళీ నిలబడింది. మళ్ళీ తిరగేశాను. ఆయన అడగడు, నేను చెప్పను. అన్నం పెడుతుంటే మాత్రం ఆయన గోళ్ళలో మట్టి కనబడుతుంది. నా గోళ్ళలోనూ ఉంటుందనుకో. నాకు జ్వరమొస్తే మందుబిళ్ళ తేవడానికి సాయంత్రమయింది ఆ మనిషికి. నీ కంపకైతే తెల్లారకముందే నీళ్ళు!

కుళ్ళే అక్కా, కుళ్ళే. కాదన్నానా? బతికున్న సవతివైతే జుట్టు పట్టుకునేదాన్ని. ఇప్పుడు నిన్నేం పట్టుకోను?

ఇవాళ ఆయన మంచం దిగలేదు, నడుం పట్టేసింది. కంప ఎండలో కాళ్ళు పైకెత్తుకుని పడి ఉంది. ఇదే అదను, సాయంత్రానికి కట్టెపుల్లయి ఊరుకుంటుంది అనుకున్నా. "చేను వైపు వెళ్ళావా?" అని మెల్లిగా అడిగాడు. ఆ గొంతు వినగానే నా ప్రాణం ఉసూరుమంది. అది ఎండిందంటే మళ్ళీ నీకోసమే ఏడుస్తాడు. ఒకసారి ఏడ్చి నన్ను తెచ్చుకున్నాడు, చాలదూ?

అందుకే పోయి నేనే నిలబెట్టాను. నేనే మట్టి తొక్కాను, నేనే చెంబుడు నీళ్ళు పోశాను. ఏ పశువూ నోరు పెట్టకుండా చుట్టూ వల కూడా కట్టాను.

బతుకు, పోనీ. కానీ ఒక్క పువ్వు పుయ్యనివ్వను, చెప్తున్నా. మొగ్గ కనబడిందా, ఆయన చూసేలోపే గిల్లేస్తాను.