నల్లకందులు పట్టుకోని వైజాగ్ పోయినప్పుడు

సముద్రం ఎట్లుండె అంటవా? ఉండె, నీళ్ళే. ముందుగాల గది చెప్పు, గా ఫోన్ల ఏం నొక్కుతున్నవ్? నా మాటలు పట్టుకుంటున్నవా? ఎవలకన్న పంపితివనుకో, మనుమరాలివని గూడ సూడ. సరే తీ, నువ్వైతివి గనక చెప్తున్న.

పోయిన ఎండకాలం గదా, మన ఆడోళ్ళ సంగం మేడమ్ వచ్చింది. వైజాగ్ల ఇత్తనాల మీటింగ్ ఉన్నది, అన్ని దిక్కుల రైతులొస్తరు, నీ నల్లకందులు పట్టుకోని నువ్వు రావాలె అన్నది. నాకప్పుడే అనుమానమొచ్చింది. రైలు ఉత్తగనే, బువ్వ ఉత్తగనే, చల్లగాలి మిషిని రూము ఉత్తగనే. గీ కాలంల ఉత్తగ ఎవలు వెడ్తరే? మా పెండ్లప్పుడు కంగ్టి నుంచి ఖేడ్‌కు బస్సుల రూపాయి ఉండె, గా రూపాయికే కండక్టర్ కొట్లాడేటోడు. రూపాయా, రెండా... పోనీ తీ.

గా కందులు మా అత్త తెచ్చినయి. ఆమెది బీదర్ దిక్కు, సచ్చేదాంక కన్నడమే మాట్లాడింది. పెండ్లికి కొంగుల ముడేస్కోని తెచ్చుకున్నదట. "బీజ మారబ్యాడ" అనేది, ఇత్తనం అమ్మొద్దని. అడిగినోళ్ళకు లేదనొద్దు, తీస్కున్నోళ్ళు బదులు తమ ఇత్తనం పెట్టాలె, గంతే. ఇప్పుడు మన సుట్టుముట్టు గవి నా తాన్నే ఉన్నయి.

మరి నాకెందుకు భయమంటే, వెనుకట కంపెనోడొకడు కార్ల వచ్చి మన తెల్లజొన్న దోసెడు పట్కపోయిండు. రెండేండ్లకు ఖేడ్ల దుకాణంల సంచుల కట్టి అమ్మవట్టిరి. మనయేనా అంటే ఒట్టువెట్టి చెప్పలేను, సూస్తే మాత్రం గట్లనే ఉండె.

అందుకే ఏం చేసిన్నంటే... నవ్వకు. ఇంట్ల సగం దాపెట్టి, తీస్కపోయేటియి పెంక మీద సన్నమంటకు ఏంపిన. నల్లటియి గదా, జర మాడినా కనవడది. వాసన రాకుండ ఇంత బూడిద, ఏపాకు కలిపిన. ఇగ పట్కపోతే పట్కపోనీ, మొలిస్తెనే గదా! గా తెలివికి నాకు నేనే మురిసిపోయిన.

ఆడ ఎండ సూడాలె, ఒళ్ళంత చెమట, బంక బంక. బీచ్ కాడ చాయ్ ముప్పై రూపాలు! మాటలేమో అండి, అండి. గంత తియ్యగ మాట్లాడితే నేను కొంగు సర్దుకుంట, నడుముకున్న సంచి తడుముకుంట. మెడల పేర్ల బిళ్ళలేస్కున్నోళ్ళు వచ్చుడు, నా కందుల ఫోటో తీసుడు, ఏ ఊరమ్మా అనుడు. సంగారెడ్డి దిక్కు అన్న. ఊరు పేరు చెప్తనా!

రెండో దినం ఒకామె వచ్చింది. నా ఈడుదే, మన్యం దిక్కు కొండలల్ల ఊరట. నా బుట్ట సూసి ఆడ్నే కూలవడ్డది. "అమ్మా, మా అత్త కాలంలో ఇవి మాకుండేవి. ఒక కరువు ఏడు అన్నీ పోనాయి. నాలుగు గింజలు పెట్టవా తల్లీ" అన్నది. ఏడుస్తున్నది. నేనేమనుకున్న? ఈమెను గూడ బిళ్ళలోళ్ళే తోలిండ్రు అనుకున్న. దోసెడు తీసి ఒళ్ళె పోసిన. కండ్లకద్దుకున్నది. కొంగు విప్పి నాకో చిన్న మూట పెట్టింది, నంబర్ రాసిన చిట్టి గూడ. నంబర్లిచ్చేటోళ్ళు ఎసొంటోళ్ళో, టీవీల రోజు చెప్తలేరా? చిట్టి సముద్రంల పారేసిన.

వచ్చేటప్పుడు రైల్ల ఉత్తగ కూసోని గా మూట ఇప్పిన. చిక్కుడు ఇత్తులు. ఒక్కటి పుచ్చులేదు, అన్నిటికి బూడిద రాసి ఉన్నది. మనం ఎట్ల పెడ్తమో అచ్చం గట్లనే. బదులు పెట్టాలె అని ఆమెకు ఎవలు చెప్పిండ్రే? కంపెనోళ్ళు చెప్తరా?

ఆమె ఎవలో దేవులాడుమని మేడమ్‌ను అడిగిన. గంత మందిల ఎవలని దేవులాడుదు అన్నది. పేరడిగితినా? లేదు. నా ఊరన్న చెప్తినా? లేదు.

మొన్న నువ్వు లొట్టలేస్కుంట తిన్నవే, గది ఆమె చిక్కుడే. పందిరి ఇరిగేటట్టు కాసింది. నేనైతే ఒక్క కాయ నోట్ల వెట్టలే. మిర్గం వానలకు ఆమె నా కందులు ఇత్తి ఉంటది. పొద్దున్నే పోయి సూసుకుంటది, రోజు సూసుకుంటది, ఒక్కటన్న మొలకెయ్యలేదేమని. నన్ను తిట్టినా అయిపోవు బిడ్డా. తిట్టదు. ఇత్తనం మంచిదే, నా చెయ్యే మంచిది గాదు అనుకుంటది.

సల్లగుండు బిడ్డా. నమ్మినా ఓసారి మోసపోతవు గంతే... నేను నమ్మకపోయి సూడు, ఏం చేసిన్నో...